ల్యాబ్ తాళం ఎవరి దగ్గరుంటది?

ఇంటర్ ఫలితాలొచ్చి డిగ్రీ అడ్మిషన్ల దోస్త్ నోటిఫికేషన్ పడిందంటే చాలు, నా ఫోన్ ఊరుకోదు. శ్రీశైలం రోడ్డు మీదున్న ఒక చిన్న డిగ్రీ కాలేజీలో నేను కెమిస్ట్రీ గెస్ట్ లెక్చరర్‌ని. మా పిల్లలంతా కల్వకుర్తి, అచ్చంపేట, డిండి, దేవరకొండ చుట్టుపక్కల ఊళ్ల వాళ్లే. ఇటు పోతే పాలమూరు, అటు పోతే నల్లగొండ. అందుకే తల్లిదండ్రులు అడిగేది ఎప్పుడూ ఒకటే తీరుగా ఉంటుంది. "పిల్లకు బీజెడ్‌సీ పెట్టిద్దామనుకుంటున్నం మేడం. నల్లగొండల ఏద్దామా, పాలమూర్ల ఏద్దామా? లేకుంటే మీ తాననే ఉంచుదమా?"

నేను సూటిగా జవాబు చెప్పను. గేటు పక్కన రాసిన న్యాక్ గ్రేడు ఒక్కటే చూసి రాకుండా, లోపలికి పోయి ఒక్క సంగతి కనుక్కోమంటాను: సాయంత్రం నాలుగు దాటినంక ల్యాబ్ తాళం ఎవరి దగ్గరుంటది? కొందరు నవ్వుతారు. కొందరు "గదేం ప్రశ్న మేడం" అంటారు. తాళం అటెండర్ దగ్గరుంటే ల్యాబ్ టైంటేబుల్ ప్రకారం తెరుచుకుని టైంటేబుల్ ప్రకారం మూతపడుతుంది. ప్రాక్టికల్స్ జరుగుతాయి, రికార్డులు దిద్దుతారు, పిల్ల పాసవుతుంది. దానికి వంక పెట్టాల్సిందేమీ లేదు. అదే తాళం లెక్చరర్ సంచిలో ఉందంటే ఆ ల్యాబ్‌లో సిలబస్‌లో లేనిదేదో నడుస్తోందన్నమాట. డిగ్రీ కాలేజీలో పరిశోధన ఉందా లేదా అన్నది నేను అక్కడే చూస్తాను.

రెండు జిల్లాల్లోనూ పెద్ద కాలేజీలకు పేరుంది. నల్లగొండలో నాగార్జున ప్రభుత్వ కళాశాల 1956 నాటిది. అంత పొడుగు పేరు అక్కడెవరూ పలకరు, ఎన్జీ కాలేజీ అంటే ఆటోవాలా దింపేస్తాడు. పాలమూరులో ఎంవీఎస్ ప్రభుత్వ డిగ్రీ కాలేజీది అదే స్థానం. నల్లగొండకు 2007లో, పాలమూరుకు 2008లో సొంత యూనివర్సిటీలు వచ్చేదాకా మా పట్టాల మీద ఉస్మానియా పేరే ఉండేది. ఇప్పుడు అన్నెపర్తి దగ్గర మహాత్మా గాంధీ యూనివర్సిటీ, రాయచూరు రోడ్డులో బండమీదిపల్లి దగ్గర పాలమూరు యూనివర్సిటీ. పెద్ద ఊళ్లో చదివితే వచ్చే లాభం బిల్డింగులో లేదు, సీనియర్లలో ఉంది. ఎమ్మెస్సీ సీటు కోసం సీపీగెట్‌కు ఎట్లా చదవాలి, జామ్ పరీక్ష అంటే ఏమిటి, హెచ్‌సీయూ హాస్టల్లో తిండి ఎట్లుంటది అనేవి లెక్చరర్లు చెప్పరు. మెట్ల మీద కూర్చున్న ఎమ్మెస్సీ అక్కలు చెబుతారు. మా చిన్న కాలేజీలో ఆ అక్కలు లేరు. ఫైనలియర్ అయిందంటే పిల్ల ఊరికి పోతుంది, లేదా పెళ్లయి పోతుంది. ఆమెకు తెలిసింది ఆమెతోనే పోతుంది.

కానీ చిన్న కాలేజీలో బ్యూరెట్ పిల్ల చేతికే వస్తుంది. నేను నల్లగొండ పట్టణంలోనే డిగ్రీ చదివాను. మా ప్రాక్టికల్ బ్యాచ్‌లో టైట్రేషన్ చేసేది ఒకరైతే, రీడింగ్ రాసుకునేది తక్కినవాళ్లం. ఎండ్ పాయింట్ దగ్గర రంగు మారే ఆ ఒక్క చుక్కను సొంత చేత్తో ఆపడం ఎమ్మెస్సీకి వచ్చాక గానీ నాకు కుదరలేదు. మా దగ్గర సెకండియర్ పిల్లలు దాన్ని ఆడుతూ పాడుతూ చేస్తారు. తక్కువమంది ఉండటం వల్ల జరిగిన మేలు అది, మా గొప్పేమీ లేదు.

అమెరికాలో ఈ తక్కువమంది సంగతినే గొప్పగా చెప్పుకునే కాలేజీలున్నాయి. కాలిఫోర్నియాలో హార్వే మడ్ కాలేజీని 1955లో పెట్టారు, మన ఎన్జీ కాలేజీకి ఒక్క ఏడు పెద్ద. సైన్సు, ఇంజనీరింగు, లెక్కలే దాని చదువు. విద్యార్థులు వెయ్యికి లోపే. పోర్ట్‌లాండ్‌లోని రీడ్ కాలేజీలోనైతే 1968 నుంచి పరిశోధన కోసం ఒక చిన్న అణు రియాక్టర్ ఉంది, దాన్ని నడిపేది ఎక్కువగా డిగ్రీ పిల్లలే. లైసెన్సు పరీక్ష రాసి, పాసై మరీ నడుపుతారు. ఈ కాలేజీల సూత్రం ఒకటే. అక్కడ పీహెచ్‌డీ స్కాలర్లు ఉండరు. ప్రొఫెసర్‌కు పరిశోధనలో సాయం కావాలంటే డిగ్రీ పిల్లల్నే పిలవాలి. పెద్ద యూనివర్సిటీలో స్కాలర్ చేసే పని ఇక్కడ పంతొమ్మిదేళ్ల పిల్ల చేస్తుంది.

ఇది చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. మా కాలేజీలోనూ పీహెచ్‌డీ స్కాలర్లు లేరు కదా! ఆ లెక్కన మేమూ రీడ్ కాలేజీ సాటివాళ్లమే. తేడా ఏమిటంటే వాళ్లు కోరి చిన్నగా ఉన్నారు, ఆ చిన్నతనాన్ని నిలబెట్టుకోవడానికి బోలెడు డబ్బు పెడతారు. మాది లేమి వల్ల వచ్చిన చిన్నతనం. పర్మినెంట్ లెక్చరర్ బదిలీ మీద పోతాడు, పోస్టు ఖాళీగా ఉంటుంది, మా లాంటి గెస్టులు వస్తాం. మా కాంట్రాక్టు ఏటికేడు మొదటికొస్తుంది, జీతం ఎప్పుడు పడుతుందో చెప్పలేం. మూడేళ్లు సాగాల్సిన పనిని వచ్చే జూన్‌లో తానుంటానో లేదో తెలియని మనిషి మొదలుపెట్టాలి. అయినా మొదలుపెట్టేవాళ్లున్నారు, వాళ్ల గురించే ఇదంతా.

దానికంటే ముందు బస్సు గురించి చెప్పాలి. మా పిల్లల పరిశోధన ఎంతసేపు నడవాలో తేల్చేది రసాయన శాస్త్రం కాదు, ఊరికి పోయే ఆఖరి బస్సు. డిండి అవతలి పల్లెలకు పోయే బస్సు తప్పిందంటే ఆటో దొరకదు, దొరికినా ఇంట్లో ఒప్పుకోరు. రెండు గంటలు మరగాల్సిన రియాక్షన్‌ను మధ్యాహ్నం మూడింటికి మొదలుపెడితే ఫ్లాస్కు స్టాండు మీద ఉండగానే పిల్ల బస్టాండుకు పరుగెత్తాలి. 2023 డిసెంబర్‌లో మహాలక్ష్మి పథకం వచ్చి ఆడపిల్లలకు బస్సు ఉచితమైన తర్వాత రోజూ వచ్చేవాళ్లు పెరిగారు, అది నా అటెండెన్స్ రిజిస్టర్‌లో కనబడుతుంది. బస్సులో నిలబడటానికి చోటు లేకపోవడం మాత్రం వాళ్ల ముఖాల్లోనే కనబడుతుంది.

2016లో సాంఘిక సంక్షేమ శాఖ తెరిచిన మహిళా రెసిడెన్షియల్ డిగ్రీ కాలేజీల్లో ఈ బాధ లేదు. నల్లగొండ, పాలమూరులలోనూ ఉన్నాయి. పిల్ల అక్కడే ఉంటుంది, అక్కడే తింటుంది. సాయంత్రం ఏడింటికి రీడింగ్ తీయాలన్నా తీయొచ్చు. అయితే గేటు దాటి చెరువు నీళ్లు తెచ్చుకోవాలంటే అనుమతులు కావాలి. మా పిల్లకు ఊరు చేతిలో ఉంది, ల్యాబ్‌లో టైము లేదు. అక్కడి పిల్లకు టైముంది, ఊరు గేటు బయట ఉంది. ఏ పిల్లకు ఏది నప్పుతుందన్నది తల్లిదండ్రులకే తెలియాలి.

ఇక ఊరు చేతిలో ఉంటే ఏం చేయొచ్చో చెప్తాను. నల్లగొండ పేరు ప్రపంచ సైన్సు పుస్తకాల్లో ఎక్కడుందంటే ఫ్లోరైడ్ దగ్గరుంది. 1955లోనే ఎ.హెచ్. సిద్దిఖీ అనే వైద్యుడు నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్ మీద బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. 1970లలో నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధనా సంస్థ, అందరూ నీరీ అంటారు, పటికతో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నల్లగొండ టెక్నిక్ అని పేరు పెట్టింది. ఇంట్లో చేసుకునే తీరు తేలికే. బకెట్టు నీళ్లలో లెక్క ప్రకారం పటిక, కొద్దిగా సున్నం, చిటికెడు బ్లీచింగ్ పౌడర్ వేసి పది నిమిషాలు కలపాలి, గంటసేపు తేరనివ్వాలి. మడ్డి అడుక్కు దిగుతుంది, పై నీళ్లు వంపుకోవాలి. ఈ పద్ధతి టాంజానియా, ఇథియోపియా దాకా పోయింది. మన బీఎస్సీ పుస్తకంలో మాత్రం అది రెండు మార్కుల ప్రశ్న.

మర్రిగూడెం వైపు నుంచి వచ్చే ఒక అమ్మాయి ఆ రెండు మార్కులతో సరిపెట్టుకోలేదు. వాళ్ల నాయనమ్మ ఫ్లోరైడ్ నీళ్లతో నడుం వంగి మంచానపడ్డ మనిషి. ఆరో సెమిస్టర్‌లో ప్రాజెక్టు వర్క్ చేయొచ్చు, వద్దనుకుంటే దాని బదులు ఒక ఆప్షనల్ పేపర్ రాయొచ్చు. అందరూ పేపర్‌కే మొగ్గుతారు, ఈమె ప్రాజెక్టు అన్నది. గాజు సీసాల్లో కాకుండా ప్లాస్టిక్ సీసాల్లో తన ఊరి బోర్ల నీళ్లు పట్టుకొచ్చింది. ఫ్లోరైడ్ గాజుతో కలుస్తుందని, అందుకే ప్లాస్టిక్ వాడాలని ముందే చదువుకుంది.

మా దగ్గర ఖరీదైన మీటరు లేదు. ఉన్నది ఒక పాత కలరీమీటరు, జిర్కోనియం కలిసిన ఎర్రరంగు రీఏజెంట్. ఫ్లోరైడ్ ఉంటే అది రంగు దగ్గర్నుంచి జిర్కోనియంను లాక్కుంటుంది, ఎరుపు వెలిసిపోతుంది. ఎంత వెలిస్తే అంత ఫ్లోరైడ్. తాగే నీటిలో లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకూడదని భారతీయ ప్రమాణం, వేరే నీళ్లు దొరక్కపోతే 1.5 దాకా ఒప్పుకుంటారు. ఆమె తెచ్చిన బోరు నీళ్లు రీఏజెంట్ పోయగానే పాలిపోయాయి.

తర్వాత అవే నీళ్లకు పటిక, సున్నం వేసి తేర్చి మళ్లీ కొలిచింది. ఫ్లోరైడ్ దాదాపు లేనట్టే వచ్చింది. నేనైతే సంతోషపడి రికార్డు రాయమనేదాన్ని. ఆ పిల్ల బల్ల దగ్గరే నిలబడి "మేడం, ఇది మరీ మంచిగొచ్చింది" అన్నది. ఈ పద్ధతితో ఫ్లోరైడ్ తగ్గుతుంది గానీ అంత శుభ్రంగా పోదని పుస్తకంలో ఉంది కదా, మరి మనకెట్లా పోయింది? వెతికితే దొరికింది. పటికలోని అల్యూమినియం కొంత నీళ్లలోనే ఉండిపోతుంది, అది ఫ్లోరైడ్‌ను గట్టిగా పట్టుకుంటుంది. అట్లా చిక్కుకున్న ఫ్లోరైడ్ మా ఎర్రరంగు జోలికి రాదు, కలరీమీటరుకు కనబడదు. అంటే నీళ్లు ఎంత బాగుపడ్డాయో చెప్పాల్సిన పరీక్షను, నీళ్లను బాగుచేసిన పద్ధతే మోసం చేస్తోంది. దీనికి విరుగుడు ఉంది. ఫ్లోరైడ్‌ను విడగొట్టే బఫర్ పోసి ఎలక్ట్రోడ్‌తో కొలవాలి, లేదా కొలిచే ముందు డిస్టిల్ చేయాలి. ఎలక్ట్రోడ్ ఉన్న ల్యాబ్‌కు తెలిసిన వాళ్ల ద్వారా సీసాలు పంపించాం. అంకెలు మారి వచ్చాయి.

ఇందులో కొత్త ఆవిష్కరణ ఏమీ లేదు, అల్యూమినియం సంగతి కెమిస్టులకు ఎప్పుడో తెలుసు. కానీ ఆ అమ్మాయికి తెలియదు, తన అంకెను తానే అనుమానించి తెలుసుకుంది. మిషన్ భగీరథ కింద కృష్ణా నీళ్లొచ్చాక ఇంట్లో తాగే నీళ్లు మారాయి. పత్తి ఏరడానికి పోయిన కూలీలు చేను దగ్గర ఏ నీళ్లు తాగుతున్నారన్నది ఆమె జూనియర్ ఇప్పుడు అడుగుతున్న ప్రశ్న. ఊళ్లో పుట్టినవాళ్లకే తట్టే ప్రశ్న అది. హైదరాబాద్ హబ్సిగూడలో ఏసీ ల్యాబ్‌లో కూర్చున్నవారికి అంత తేలికగా తట్టదు.

పాలమూరు వైపు ఇట్లాంటి పనికి అందరికీ తెలిసిన ఉదాహరణ జడ్చర్ల. అక్కడి బూర్గుల రామకృష్ణారావు ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్రం లెక్చరర్‌గా బి. సదాశివయ్య, విద్యార్థులతో కలిసి కాలేజీ స్థలంలోనే తెలంగాణ బొటానికల్ గార్డెన్ పెంచారు. 2020లో ముఖ్యమంత్రి దృష్టికి పోయి వార్తల్లోకి ఎక్కింది. వార్తల సంగతి పక్కన పెడితే, బాటనీ పిల్లకు కాలేజీ గోడల లోపలే వందల రకాల మొక్కలు ఏడాది పొడుగునా పూస్తూ కాస్తూ కనబడటం మామూలు విషయం కాదు. మొక్కను గుర్తుపట్టాలంటే పువ్వు కావాలి. మన ఎర్ర నేలల్లో చాలా మొక్కలు వానాకాలంలోనే పూస్తాయి. సరిగ్గా అప్పుడే అడ్మిషన్లు, ఫీజులు, స్కాలర్‌షిప్ దరఖాస్తుల గొడవ. అమ్రాబాద్ అడవికి పోదామంటే అటవీ శాఖ అనుమతి, బండి, వెంట వచ్చే లెక్చరర్, ఇన్నీ కుదరాలి. కుదిరేసరికి పూలు రాలిపోతాయి.

ఆ తోటకు ఒక మనిషి పట్టుదలే వేరు. ప్రభుత్వ కాలేజీల్లో ఏ మంచి పని చూసినా దాని వెనక ఒక మనిషే ఉంటాడు, ఆ మనిషికి బదిలీ ఉంటుంది. అందుకే తల్లిదండ్రులతో "కాలేజీని చూడకండి, డిపార్ట్‌మెంట్‌ను చూడండి" అంటాను. ఒకే కాలేజీలో బాటనీ బతికి ఉండొచ్చు, ఫిజిక్స్ గదిలో బూజు పట్టి ఉండొచ్చు. న్యాక్ గ్రేడు రెండింటికీ కలిపే ఇస్తుంది.

డబ్బు దారులు కూడా ఉన్నాయి, తెలిసినవాళ్లకే ఉన్నాయి. ఇంటర్ బోర్డు పరీక్షలో పైనున్న ఒక శాతంలో ఉండి, బేసిక్ సైన్సులో బీఎస్సీ చేరితే కేంద్రం ఇచ్చే ఇన్‌స్పైర్ స్కాలర్‌షిప్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు. ఏడాదికి 80,000 రూపాయలు, అందులో 20,000 వేసవి ప్రాజెక్టు కోసం. అన్ని మార్కులొచ్చిన పిల్లలు ఇంజనీరింగుకు పోతారు, మా దాకా రారు అనుకుంటాం. పూర్తిగా నిజం కాదు. ఫీజు కట్టలేక, హైదరాబాద్ పంపలేక మా దగ్గర చేరిన పిల్లల్లో అంత మార్కులు వచ్చినవాళ్లు అప్పుడప్పుడు తగులుతారు. వాళ్లకు ఈ స్కాలర్‌షిప్ పేరు కూడా తెలియదు. కాలేజీ విద్యా శాఖ జిజ్ఞాస పేరుతో విద్యార్థుల స్టడీ ప్రాజెక్టులకు పోటీ పెడుతుంది. దానికోసం ఎన్నో కాలేజీల్లో జనవరి దగ్గరపడ్డాక హడావుడిగా సర్వే ఫారాలు నింపుతారు. నింపిన ఫారాలు చూస్తే తెలిసిపోతుంది, ఒకే పెన్ను, ఒకే చేతిరాత! మంచి ప్రాజెక్టులూ వస్తాయి. అవి ఆగస్టులో మొదలైనవి అయి ఉంటాయి.

తెలుగు మీడియం పిల్లల సంగతి విడిగా చెప్పాలి. ఆలోచనలో వాళ్లు వెనకబడరు, మెయిల్ రాయడంలో వెనకబడతారు. హైదరాబాద్‌లో సీఎస్ఐఆర్ పరిశోధన సంస్థలు సీసీఎంబీ, ఐఐసీటీ, ఎన్జీఆర్ఐ మూడూ ఉప్పల్ రోడ్డులో పక్కపక్కనే ఉన్నాయి. నల్లగొండ నుంచి ఎల్బీనగర్ మీదుగా పోతే ఎంతో దూరం కాదు. సీఎస్ఐఆర్ వ్యవస్థాపక దినం సెప్టెంబర్ 26. ఆ రోజుల్లో సీసీఎంబీ విద్యార్థులకు తలుపులు తీస్తుంది. మా పిల్లల్ని తీసుకుపోయినప్పుడు మైక్రోస్కోపు దగ్గర అందరికంటే ఎక్కువసేపు నిలబడ్డ పిల్ల ఒక్క ప్రశ్నా అడగలేదు. బస్సెక్కాక నన్ను అడిగింది, తెలుగులో. వచ్చే వారం ఆ ప్రశ్నలన్నీ ఇద్దరం ఇంగ్లీషులోకి మార్చి అక్కడికి మెయిల్ చేశాం. జవాబొచ్చింది.

మరి చదువయ్యాక? దీని గురించి అబద్ధం చెప్పను. మా కెమిస్ట్రీ పిల్లల్లో ఎక్కువమంది పోయేది ఫార్మాకే. జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్, ఇటు చౌటుప్పల్ చుట్టూ ఉన్న కంపెనీలు. క్వాలిటీ కంట్రోల్‌లో షిఫ్టు డ్యూటీ, రోజంతా హెచ్‌పీఎల్‌సీ ముందు. దాన్ని చిన్నచూపు చూసేవాళ్లంటే నాకు కోపం. ఇంట్లో మొదటి నెల జీతం తెచ్చిన ఆడపిల్ల మాటకు విలువ మారడం నేను చూశాను. ఇంటర్వ్యూలో అడిగేదీ చిన్న విషయమే, "స్టాండర్డ్ సొల్యూషన్ నువ్వే చేశావా?" అని. బ్యూరెట్ పట్టిన పిల్ల నిమ్మళంగా చెబుతుంది, రికార్డు చూసి రాసిన పిల్ల తడబడుతుంది.

బెంగళూరు, ఢిల్లీ, ప్రయాగ్‌రాజ్‌లలోని మూడు సైన్సు అకాడమీలు కలిసి ఏటా వేసవిలో రెండు నెలల పరిశోధన ఫెలోషిప్ ఇస్తాయి. దరఖాస్తులు మామూలుగా నవంబర్ నెలాఖరుకు ముగుస్తాయి. స్టైపెండ్ ఇస్తారు, రైలు ఛార్జీలు ఇస్తారు. దరఖాస్తుతో పాటు పిల్ల ఏం చేయాలనుకుంటుందో తన మాటల్లో రాయాలి, పనిని దగ్గరగా చూసిన టీచర్ ఒక లేఖ రాయాలి. చిన్న కాలేజీకి ఇక్కడ నిజంగా కలిసొస్తుంది. వందమందికి పాఠం చెప్పే మనిషి "తెలివైన విద్యార్థిని, కష్టపడుతుంది" అని రాస్తారు, అంతకంటే రాయడానికి వాళ్లకేం తెలుసు! మర్రిగూడెం అమ్మాయి గురించి నేను రాసిన లేఖలో ఆ మాటలేవీ లేవు. అల్యూమినియం సంగతంతా రాశాను, అంకె మంచిగొచ్చినందుకు ఆమె అనుమానపడిందని రాశాను. వాళ్ల నాన్న మాత్రం లేఖ చదివించుకుని విని, ఒక్కటే అడిగాడు: "బెంగుళూర్ల రెండు నెలలు ఎవరింట్ల ఉంటది మేడం?" ఆడపిల్లల హాస్టల్ సంగతి ఫెలోషిప్ వచ్చాక పిల్లను తీసుకునే సంస్థకు ఫోన్ చేసి నేనే కనుక్కుంటానన్నాను. "మీరు మాట్లాడినంకనే సంతకం పెడత" అన్నాడు. నా నంబర్ రాసి ఇచ్చి, స్పీకర్ పెట్టి ఆయన ముందే మాట్లాడతానని చెప్పాను.